ఆకుపచ్చ చుక్క పెట్టిన స్కేలు

మేస్త్రి పోయి పక్షం రోజులు దాటాక క్లబ్బు సెక్రటరీ ఓల్డ్ సెటిల్‌మెంటు రైల్వే కాలనీలో మా ఇంటికి వచ్చాడు. కుర్రవాడు, నన్ను పిన్నిగారూ అంటాడు. కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"పిన్నిగారూ, క్లబ్బు షోకేసులో మేస్త్రిగారి వస్తువొకటి పెడదామనుకుంటన్నాం. ఆయన సామానంతా ఎవులెవులో పట్టుకుపోయినారు. మీ కాడ ఏటైనా ఉందా?"

"ఉంది."

"ఏటది?"

"స్కేలు."

అతని ముఖం చిన్నబోయింది. ఉలి అనుకున్నాడు కాబోలు, లేదా బొంగరం. "స్కేలైనా పర్లేదులెండి. ఆయన సెయ్యి పడింది కదా," అన్నాడు.

"పడింది," అన్నాను.

అంతకుముందు సంతాప సభకు నేనూ వెళ్ళాను. 1998, వానలు వెనకబట్టిన రోజులు. క్లబ్బు వరండాలో కుర్చీ మీద ఆయన ఫోటో పెట్టి, కుర్చీని రైలింగుకు ఆనించారు. మాట్లాడినవాళ్ళందరూ బొంగరాల గురించే మాట్లాడారు. ఆయన చేసిన బొంగరం తిప్పని పిల్లవాడు సెటిల్‌మెంటులో లేడన్నారు. నిజమే. ఆయన మనసు వెన్న అని ఒకతను అన్నాడు. అది నాకు తెలియదు. నేను ఫోటో వెనకనున్న రైలింగును చూస్తూ కూర్చున్నాను.

ఆయన పేరు రాయను. పేరు తెలిసినవాళ్ళు కూడా ఆ పేరుతో పిలిచేవారు కాదు. రైల్వే వర్కుషాపులో ప్యాటర్ను షాపు మనిషి. పోత ఇనుముతో ఏ భాగం తయారు కావాలన్నా ముందు దాని నమూనా కొయ్యతో చెయ్యాలి. ఆ నమూనాను ఇసుకలో అదిమి తీసి, ఆ గుంటలో కరిగిన ఇనుము పోస్తారు. ఆ కొయ్య నమూనాలు చేసే చోటే ప్యాటర్ను షాపు. "పగలంతా ఇనుము కోసం కొయ్యని కోస్తాను. సాయంత్రం కొయ్య కోసం కొయ్యని కోస్తాను," అనేవాడు. సాయంత్రాలు ఆయన ఉండేది ఈ పరాయి ఊళ్ళో మా తెలుగువాళ్ళ క్లబ్బులో, లైబ్రరీ పక్క గదిలో. వర్కుషాపు వాళ్ళు పనికిరాదని తీసేసిన లేతు మిషను ఒకటి అక్కడికి చేరింది. దాని చుట్టూ కొయ్య తిప్పే సరదా ఉన్నవాళ్ళు అయిదారుగురు చేరారు. వాళ్ళకు ఆయన గురువు. ఎవరూ నియమించలేదు, ఎవరూ కాదనలేదు.

లేతు ముట్టుకునే ముందు బీడీ ఆర్పి, మిగిలిన ముక్కను చెవి మీద పెట్టుకునేవాడు. మిగతావాళ్ళు పెన్సిలు పెట్టుకునే చోట. పెన్సిలుతో ఆయనకు పని ఉండేది కాదు. భుజం మీది గంఛా తువ్వాలు తీసి నడుముకు చుట్టి, బిగించిన కర్రను వేలితో ఒకసారి తిప్పి చూసి, స్విచ్చి వేసి కళ్ళు మూసుకునేవాడు. ఉలి ఆనించాక కూడా కాసేపటి వరకు తెరిచేవాడు కాదు. కర్ర చదరంగా ఉన్నంతసేపూ ఉలికి టకటక కొట్టుకుంటుంది. గుండ్రమయ్యే కొద్దీ ఆ చప్పుడు దగ్గరపడి, చివరికి ఒకే ఈలగా మారుతుంది. ఆ ఈల వినబడగానే, ఎవరో పేరు పెట్టి పిలిచినట్టు కళ్ళు తెరిచి నవ్వేవాడు. ఆ నవ్వు మంచిది. అది కాదనను.

కర్రలన్నిటికీ వరసలు కలిపేవాడు. "సాలుకర్ర మావగారు. ముందు ఆయన మాట ఇనాల, తరవాతే మన మాట. టేకు అల్లుడు, మర్యాద సేస్తే సెప్పినట్టు ఇంటాడు. జాంకర్ర పెళ్ళాం. పచ్చిగున్నప్పుడు ఎలగ తిప్పితే అలగ తిరుగుద్ది. ఎండినాక పగిలి ఊరుకుంటాది."

"పెళ్ళాం ఊరుకుంటాదేటి మేస్త్రీ, మనల్నే పగలగొడతాది," అని ఎవరో అందుకునేవారు. గది నిండా నవ్వులు, పొట్టు.

ఎవరి పనినీ ఆయన మెచ్చుకునేవాడు కాదు. పూర్తయిన వస్తువు మీద బొటనవేలి గోరు ఆనించి, ఈ కొస నుంచి ఆ కొసకు నెమ్మదిగా లాగేవాడు. గోరు ఎక్కడా ఆగకపోతే వస్తువును బల్ల మీద పెట్టేవాడు. ఆగితే మాట్లాడకుండా పొయ్యి బొగ్గుల బకెట్లో వేసేవాడు. రోజుల తరబడి చేసిందైనా సరే. బకెట్లో పడ్డ చప్పుడు విని చేసినవాడే ముందు నవ్వాలి. అది ఆ గదిలో మర్యాద.

ఇంకొకటి చెప్పాలి. షాపులో అందరి పనిముట్లూ ఒకలాగే ఉంటాయి కాబట్టి ప్రతి మనిషీ తన వాటికి ఒక రంగు చుక్క పెట్టుకునేవాడు. మేస్త్రిది ఆకుపచ్చ. ఉలి పిడి మీద, సుత్తి మీద, గొడుగు మీద కూడా. గోల్‌బజారులో కొన్న కొత్త సైకిలుకు ఆయన ముందు పెట్టింది బొట్టు కాదు, ఆకుపచ్చ చుక్క.

1979లో మా వారు వర్కుషాపు ఉద్యోగంలో ఉండగానే పోయారు. 1981లో వర్కుషాపు టైమాఫీసులో నాకు ఉద్యోగం ఇచ్చారు. ఎవరు ఎన్నింటికి గేటు దాటారు, ఎవరికి ఎన్ని గంటల ఓవర్‌టైము వచ్చింది, ఇవి కూడడం నా పని. ఉద్యోగస్థులందరూ క్లబ్బు సభ్యులే గనక నేనూ సభ్యురాలినే. లైబ్రరీకి వెళ్ళేదాన్ని. పుస్తకం ముందు పెట్టుకుని పక్కగది ఈల వింటూ కూర్చునేదాన్ని. 1984లో ఒక శనివారం లేచి ఆ గది గుమ్మంలో నిలబడ్డాను.

"ఏటమ్మా, పొట్టు కావాలా? పొయ్యిలోకా?" అన్నాడొకడు.

"లేతు తిప్పడం నేర్చుకుంటాను."

"లేతు మీద గారెలు తిప్పుతారేటి?" అన్నాడింకొకడు.

మేస్త్రి కళ్ళు తెరవకుండానే అన్నాడు. "గారెకి నడిమిన కన్నం ఎట్టాల. నీకు అదే సేతకాదు, నవ్వకు." తర్వాత నా వైపు తిరిగాడు. "కొంగు బిగించి దోపుకోండమ్మా. ఒదులుగా ఉంటే లేతు లాగేస్తాది. అది ఆడా మగా సూడదు."

అలా నాకు చోటు ఇచ్చింది ఆయనే. నేర్పిందీ ఆయనే. నేర్పడంలో ఏమీ దాచుకోలేదు. ఉలిని ఎంత ఎత్తులో ఆనించాలో, కర్ర మధ్యలో వణికితే ఎడమచెయ్యి ఎలా వెనక పెట్టాలో, అన్నీ నేర్పాడు. నా మొదటి అప్పడాల కర్రలు బకెట్లోకి వెళ్ళాయి. నేనూ నవ్వాను. ఒకనాడు ఒకటి బల్ల మీదకు వెళ్ళింది. ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు, సంతోషంతో.

1986లో క్లబ్బు వార్షికోత్సవానికి, పాత బోగీ తలుపు నుంచి వచ్చిన టేకు ముక్కతో ఒక కుంకుమ భరిణె చేశాను. మూత పెడుతుంటే లోపలి గాలి నెమ్మదిగా బయటికి వచ్చేది, పసిపిల్ల నిద్రలో ఊపిరి వదిలినట్టు. మూత కొంచెం వదులైనా ఆ చప్పుడు రాదు, కొంచెం బిగువైనా మూత దిగదు. వచ్చిన పెద్ద అధికారి భార్య దాన్ని మూసి, తెరిచి, మళ్ళీ మూసింది. "ఇది మీదే కదా, మేస్త్రీ?" అని ఆయన్ని అడిగింది.

"కాదమ్మా. ఈవిడది," అన్నాడాయన. నవ్వాడు కూడా.

ఆవిడ వెళ్ళాక భరిణెను చేతిలోకి తీసుకుని మూత వేశాడు. విన్నాడు. తీసి మళ్ళీ వేశాడు. గోరు మాత్రం ఆనించలేదు. ఆ తర్వాత ఆయన గోరు నా పని మీద ఎప్పుడూ ఆనలేదు. గౌరవం అనుకున్నాను.

1987లో క్లబ్బు వరండా రైలింగును చెదలు తినేశాయి. కొత్తది మనమే చేద్దామన్నారు. రెండడుగుల కంటే కొంచెం తక్కువ, ఆరువందల మిల్లీమీటర్ల పొడవు కడ్డీలు. ఒక్కోదానికి మూడు కణుపులు. మెట్ల పక్క వరస నాకు ఇచ్చారు. మిగతావి తలా కొన్ని. మేస్త్రి కొలతలు వేసిన బొమ్మ గీసి అందరికీ ఇచ్చాడు. మిగతావాళ్ళ దగ్గర వాళ్ళ వాళ్ళ స్కేళ్ళు ఉన్నాయి. నా దగ్గర ఉన్నది ఒక అడుగు స్కేలు మాత్రమే.

"ఇది పట్టుకెళ్ళండి," అని పొడుగాటి ఇనప స్కేలు ఒకటి ఇచ్చాడు. "నా షాపు స్కేలు. అంత పొడుగుకి మీ సిన్న స్కేలు రెండుసార్లు ఆనిస్తే తప్పొస్తాది. తప్పు రాకూడదు కాదేటి?" స్కేలు మొదట్లో ఆకుపచ్చ చుక్క, కొంచెం పెద్దదే.

మీరు చేసినదొకటి చూపించండి, పక్కన పెట్టుకుని చేస్తాను అని అడిగాను. "అది నకలైపోద్ది. గీత సూసి సెయ్యండి. మీకేటి తక్కువ?" అన్నాడు. ఆయన తన కడ్డీలూ మిగతావాళ్ళవీ పాలిషు పెట్టడానికి ఇంటికి పట్టుకుపోయేవాడు.

ఆ వరస నేను చేసినట్టు మళ్ళీ ఏదీ చెయ్యలేదు. ప్రతి కణుపునూ ఆ స్కేలుతో కొలిచాను. కొలిచి గీశాను, గీసి కోశాను, కోశాక మళ్ళీ కొలిచాను.

బిగించే ఆదివారం ఆడా మగా అందరూ వచ్చారు. వరండా గట్టు మీద కింది దూలం పరిచి, కడ్డీలు వరసగా నిలబెట్టారు. పై దూలం ఎత్తి పెట్టబోతే కూర్చోలేదు. ఒక పక్క దిగింది, మెట్ల పక్క దిగలేదు. నా కడ్డీలు అందరి వాటికంటే వేలి మందంలో సగం పొడుగ్గా నిలబడ్డాయి. అన్నీ.

ఒకడన్నాడు, "టైమాఫీసు కదా, ఓవర్‌టైము కలిపేసినారు!"

ఆ నవ్వు వరండా దాటి రోడ్డు మీదకు వెళ్ళింది. రిక్షావాడు కూడా ఆగి చూశాడు.

నేను స్కేలు తీసి ఒక కడ్డీకి ఆనించాను. "చూడండి. సరిగ్గా ఆరువందలు," అన్నాను.

మేస్త్రి దగ్గరికి వచ్చి, మెత్తగా నా చేతిలోంచి స్కేలు తీసుకుని, చూసి, చేతిసంచిలో పెట్టుకున్నాడు. "సివర సరిగ్గా ఆనిసి ఉండరు. తప్పు ఎవులికైనా వస్తాదమ్మా. స్కేలు మీద కోపమెందుకు?" అందరి వైపూ తిరిగి అన్నాడు, "ఆవిడ్ని ఏటీ అనకండి. నాను సరిసేస్తాను." రంపం తెప్పించి, అప్పటికప్పుడు నా కడ్డీలన్నిటి కింది కొసలూ తన చేత్తోనే కోశాడు. పై దూలం కూర్చుంది. చప్పట్లు కొట్టారు.

కానీ కింద కోస్తే కణుపులు కూడా కిందికి దిగుతాయి. రైలింగు వెంట చూపు పరిగెత్తిస్తే కింది కణుపుల గీత సాఫీగా వచ్చి వచ్చి, నా వరస దగ్గర మెట్టు దిగుతుంది. మెట్ల పక్క కాబట్టి క్లబ్బుకు వచ్చే ప్రతివాడికీ ముందు కనిపించేది అదే. "అది టైమాఫీసు మెట్టు, జాగ్రత్త," అని కొత్తవాళ్ళకు చెప్పేవారు.

నేను కర్రను అనుమానించాను. నా కళ్ళను అనుమానించాను, కొత్త కళ్ళజోడు వేయించుకున్నాను. ఇనప స్కేలును అనుమానించాలని మాత్రం నాకు తోచలేదు. అది ఇచ్చిన మనిషిని అసలే తోచలేదు. ఆ తర్వాత కొన్నాళ్ళు లేతు దగ్గరికి వెళ్ళాను. ఉలి ఆనించబోతే చెయ్యి ఆగిపోయేది. 1988లో మానేశాను. ఆఫీసులో కూడా కూడిన లెక్క మళ్ళీ కూడడం, అది చూసి పక్కసీటు వాళ్ళు కళ్ళతో నవ్వుకోవడం అప్పుడే మొదలయ్యాయి. ఎవరూ నన్ను క్లబ్బు నుంచి పొమ్మనలేదు. మేస్త్రి ఎదురుపడితే, "రావట్లేదేటమ్మా? మీ ఉలి తుప్పు పడతన్నాది," అని అడిగేవాడు. ఎంత ఆప్యాయంగానో.

1993లో ఆయన రిటైరయ్యాడు. పనిముట్లు మనిషికొకటి పంచిపెట్టాడు. నాకు ఆయన భార్య చేత పంపించాడు, పాత గంఛా ముక్కలో చుట్టి. "మీకే ఇమ్మన్నారండి. ఎందుకో నాకు తెల్దు," అంది ఆవిడ.

విప్పితే అదే స్కేలు. ఒళ్ళు మండింది. వెక్కిరింత అనుకున్నాను. కోపంగా తీసుకెళ్ళి బల్ల సొరుగులో పడేశాను. సొరుగులో నా అడుగు స్కేలు ఉంది. రెండూ పక్కపక్కన పడ్డాయి. నేను వాటిని సర్దాను, సున్నా పక్కన సున్నా. అలవాటు. మొదట గీతలు కలిశాయి. పోను పోను కలవలేదు. నా స్కేలు మీద మూడువందలు అయిపోయేసరికి ఆయన స్కేలు ఇంకా మూడు గీతలు వెనక ఉంది.

గుడ్డ కిరసనాయిల్లో ముంచి ఆకుపచ్చ చుక్కను రుద్దాను. కింద అక్షరాలు బయటపడ్డాయి. పోత ఇనుము, నూటికి ఒకటి.

కరిగిన ఇనుము చల్లారితే కుంచించుకుపోతుంది. అందుకని కొయ్య నమూనాను ఆ మేరకు పెద్దదిగా చెయ్యాలి. ప్రతిసారీ లెక్క కట్టుకునే పని లేకుండా ప్యాటర్ను షాపులో స్కేళ్ళే అలా ఉంటాయి. వాటి మీద మిల్లీమీటరు అసలు మిల్లీమీటరు కంటే కొంచెం పెద్దది. ఆ స్కేలుతో చేసిన ప్రతిదీ, ఇనుములో పొయ్యని ప్రతిదీ, పొడుగ్గానే వస్తుంది.

నా స్కేలు పట్టుకుని క్లబ్బుకు వెళ్ళాను. వరండాలో ఎవరూ లేరు. మోకాళ్ళ మీద కూర్చుని నా కడ్డీలు కొలిచాను. కణుపుకూ కణుపుకూ మధ్య నూటయాభైకి ఒకటిన్నర మిల్లీమీటరు ఎక్కువ. మొదటిదానికీ అంతే, చివరిదానికీ అంతే. అజాగ్రత్తగా చేసినవాడి తప్పు ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ ఉంటుంది. నా తప్పు అన్నిటికీ ఒకటే. ఆ ఆదివారం అంతమంది మేటి పనివాళ్ళున్నారు అక్కడ. ఒక్కడు కూడా ఈ మాట ఆలోచించలేదు. అదే మగవాడి కడ్డీలైతే స్కేలేదీ అని ముందు అడిగేవారు.

మర్నాడు నిమ్‌పురా వైపు ఆయన కొత్తగా తీసుకున్న ఇంటికి వెళ్ళాను. అరుగు మీద కూర్చుని చాకుతో ఒక బొంగరం ముక్కు చెక్కుతున్నాడు. స్కేలు ముందు పెట్టాను.

"ఇదేటి మేస్త్రిగారూ?"

చుక్క లేకపోవడం చూశాడు. "స్కేలు," అన్నాడు.

"తెలిసే ఇచ్చినారా ఆ రోజు?"

"ముప్పై ఏళ్ళు దాన్ని పట్టుకున్నోడికి తెల్దేటమ్మా?"

"ఎందుకు?"

బొంగరం మీది పొట్టు ఊదాడు. చాలాసేపు ఊదాడు. "మీ భరిణె. మూతేస్తే ఊపిరిడిసినట్టు సప్పుడొచ్చింది. నాను ఇంటికెళ్ళి ఎన్ని సేసినానో మీకు తెల్దు. ఒక్కపాలి రాలేదు. అన్నీ మా ఆవిడ పొయ్యిలోకే."

"నాకు చెప్పి ఉంటే నేర్పుదును కదా."

ఆయన నా వైపు చూశాడు. కోపం ఆ చూపులో ఉంది. అంతకుముందు ఎప్పుడూ చూడలేదు. "అదే కాదేటమ్మా," అన్నాడు. "మీరు నేర్పుతారు, నాను నేర్సుకుంటాను. ఆ గదిలో ఇంకేటి మిగిలింది నాకు? షాపులో నాను సేసింది ఇసకలో ఎడతారు, తీస్తారు, మూలనడేస్తారు. ఇనుముకి పేరుంటాది, కొయ్యకి ఉండదు. ఆ గదొక్కటే నాకు."

"నాకు రెండు గదులున్నాయేటి?"

ఆయన బొంగరం ముక్కును వేలితో తడిమాడు.

"క్లబ్బులో చెప్పండి," అన్నాను. "అందరి ముందూ. ఒక్క మాట."

"రైలింగు నిలబడింది. అందరూ మర్సిపోయినారు."

"నేను మర్చిపోలేదు."

"అందుకే కదా మీకిచ్చినాను," అన్నాడు, అప్పు తీర్చినవాడిలా. "నాను సెప్పలేను. నాను పోయినాక మీరు సెప్పుకోండి. అంతవరకు నన్ను మేస్త్రిగా ఉండనీండి."

లోపలి నుంచి ఆయన భార్య టీ పట్టుకొచ్చింది. తాగకుండా లేచాను. ఆవిడ నొచ్చుకుంది. మేస్త్రి మళ్ళీ తల వంచుకుని బొంగరం చెక్కసాగాడు.

నేను ఆయనకు మాట ఇవ్వలేదు. జాలిపడి ఊరుకోనూ లేదు. క్లబ్బులో ఇద్దరికి చెప్పి చూశాను. మొదటతను, "పోనీండి దీదీ, పెద్దాయన," అన్నాడు. రెండోవాడు, "ఇప్పుడు కూడా స్కేలు మీదే కోపమా?" అన్నాడు. మేస్త్రి మాట వాళ్ళ నోట్లో ఇంకా ఉంది. మూడోవాడికి చెప్పలేదు. ఆయన బతికినన్నాళ్ళూ మేస్త్రిగానే ఉన్నాడు. పోయాక ఇంకొంచెం పెద్ద మేస్త్రి అయ్యాడు.

మంచివాళ్ళు చెడ్డపని చేశారని చెప్పి తర్వాత ఓదార్చుకునే కథలు నేను చాలా విన్నాను. నాకు ఓదార్పు లేదు. లేతు చెంత నాకు చోటిచ్చిన చెయ్యి, నన్ను నా చేతుల నుంచే విడదీసిన చెయ్యి ఒకటే. రెండూ కూడితే ఏమొస్తుందో నేను చాలాసార్లు కూడాను. ఒకదానిలోంచి ఇంకొకటి పోదు.

సెక్రటరీతో కలిసి క్లబ్బుకు వెళ్ళాను. షోకేసులో పోటీల్లో గెలిచిన కప్పుల మధ్య చోటు చేసి ఎర్రగుడ్డ పరిచాడు. మేస్త్రి స్కేలు ఇచ్చాను. 'మేస్త్రిగారు వాడిన స్కేలు' అని అట్టముక్క మీద అందంగా రాసి ముందు నిలబెట్టాడు. అప్పుడు నా సంచిలోంచి రెండోది తీశాను.

"ఇది కూడా ఆయనదేనా?"

"కాదు. నాది."

అతను ఇబ్బందిపడ్డాడు. ముసలావిడ తన వస్తువు కూడా అద్దంలో చూసుకోవాలనుకుంటోంది అనుకున్నాడు. "పోనీలెండి, ఎడదాం. మీరూ పాత మెంబరే కదా. దీనికేటని రాయమంటారు?"

"ఏటీ రాయొద్దు. రెండూ ఆనించి పెట్టు. సున్నా పక్కన సున్నా."

అలాగే పెట్టాడు. తలుపు వేసి తాళం తిప్పాడు.

ఇది రాయడానికి ముందు వెళ్ళి చూసి వచ్చాను. స్కేళ్ళు జరగలేదు. అద్దం మీద దుమ్ముంది, తుడిచాను. మొదట్లో గీతలు కలుస్తాయి. కొస వరకూ చూసినవాడికి తెలుస్తుంది. ఇంతవరకూ ఎవరూ ఏమీ అడగలేదు.